అబ్బా సఫేదీ, నా సఫేదీ

జుమ్మా రోజు పొద్దున్నే బకెట్ నీళ్ళలో నీల్ కలపడం మా అమ్మీ పని. అబ్బా తెల్ల కుర్తా పైజామా, దాదా టోపీలు, నా స్కూలు చొక్కా అన్నీ అందులో ఒకసారి ముంచి తీసేది. చుక్కలు లెక్కపెట్టి వేసేది. ఒక చుక్క ఎక్కువ పడితే అబ్బా ఆ కుర్తాని దర్వాజా దగ్గర వెలుగులో పట్టుకుని చూసి, "క్యా జీ, ముజే ఆస్మాన్ పహనా రై?" అనేవాడు. తక్కువ పడితే "పీలా పడ్‌గయా" అనేవాడు. తెల్లబట్టకి నీలం ఎందుకు పెడతారో ఆ వయసులో నాకు సమఝ్ అయ్యేది కాదు. నలభై దాటాక, కంప్యూటర్ ముందు కూర్చుని సఫేద్ అనే ఒక్క మాట కోసం మూడు నెలలు పరేషాన్ అయ్యాక అర్థమైంది.

పాతబడిన నూలుబట్ట తన మీద పడిన కాంతిలో నీలాన్ని కాస్త మింగేస్తుంది. మిగిలింది పచ్చగా కనిపిస్తుంది. నీల్ ఆ పసుపుని తొక్కిపెడుతుంది. నిజానికి బట్ట నుంచి మన కంటికి వచ్చే కాంతి మొత్తం మీద తగ్గుతుంది. కానీ కన్ను మాత్రం "మాషాఅల్లాహ్, ఎంత తెల్లగా ఉంది" అంటుంది. ధోకానే. కాకపోతే అందరం ఇష్టపడి పడే ధోకా.

మానిటర్లు తయారుచేసేవాళ్ళకి ఈ సంగతి మా అమ్మీ కంటే బాగా తెలుసు.

మాది కర్నూలులో చిన్న ఫోటో స్టూడియో. అబ్బా బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో పెట్టింది. డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు కింద పేపర్ కడిగిన చేతులు ఆయనవి. తర్వాత కలర్ రీళ్ళొచ్చాయి, ఆ తర్వాత డిజిటల్ వచ్చింది. ఇప్పుడు షాదీలు తీసేది ఎక్కువగా బయటి కుర్రాళ్ళు. నేను ఆల్బం డిజైన్ చేస్తాను. 12×36 షీట్లు, కరెక్షన్, ల్యాబ్‌కి ఫైల్ పంపడం, ఆల్బం వచ్చాక ఇంటికి చేర్చడం. అబ్బా పొద్దున దుకాణం తెరిచి అగరుబత్తి వెలిగించి, నా వెనక కుర్చీలో కూర్చుని ముఖాల రంగు చూసి చెప్పేవాడు. "ఇక్కడ ఎరుపు ఎక్కువ. ఇక్కడ దుల్హన్ చేతులు చచ్చిపోయాయి చూడు." ఆయన నజర్ మీద నాకు భరోసా. యాభై ఏళ్ళ తజుర్బా అది.

కొత్త మానిటర్ కొన్న రోజు మెనూ తెరిచి చూస్తే వార్మ్, నార్మల్, కూల్, యూజర్ అని నాలుగు ఉన్నాయి. నేను ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. వార్మ్ దగ్గర అబ్బా ముఖం చిట్లించాడు. నార్మల్ దగ్గర ఏమీ అనలేదు. కూల్ రాగానే "ఏ హై సఫేద్. అసల్ సఫేద్" అన్నాడు. నాకూ అదే నచ్చింది, అబద్ధమెందుకు. తెర కడిగినట్టు మెరిసిపోయింది. అక్కడే ఉంచేశాం.

ఆ కూల్ మీద మేము ఎన్ని ఆల్బంలు చేశామో నేను లెక్క చూసుకోలేదు. చూసుకునే ధైర్యం లేదు. ఒక్కదాని సంగతి మాత్రం చెప్తాను.

మా మొహల్లాకి రెండు గల్లీల అవతల ఉండే చాచా కూతురి నికా. అమ్మాయిని నంద్యాల ఇచ్చారు. పిల్లది చామనచాయ. ఇలాంటి పిల్లల ఫోటోలు చేసేటప్పుడు మా లైన్లో అందరికీ ఒక జబ్బుంది, తెల్లగా చేసెయ్యడం. నేను చెయ్యను. ఉన్న రంగు ఉన్నట్టే ఉండాలని నా జిద్దు. మంటపంలో వీడియోవాళ్ళ హాలోజెన్ లైటు ఒకపక్క, ట్యూబ్‌లైట్లు ఒకపక్క, స్టేజీ వెనక ఊదారంగు ఎల్ఈడీలు. అన్నీ కలిసి ముఖాలు తెరమీద పాలిపోయి కనిపించాయి. ఆ పాలిపోవడంలో సగం మంటపానిది, సగం నా మానిటర్‌ది. నాకది తెలీదు. తెర నీలంగా ఉందని తెలియనివాడు ఫోటో నీలంగా ఉందనుకుంటాడు. ప్రతి ఫోటోకీ పసుపు కలిపాను, కాస్త ఎరుపు కలిపాను. తెరమీద అమ్మాయి ముఖంలో ప్రాణం వచ్చింది. అబ్బా కూడా తలూపాడు. ఫైల్ ల్యాబ్‌కి వెళ్ళింది.

ఆల్బం వచ్చింది. దుల్హా షేర్వానీ హల్దీలో ముంచినట్టుంది. సెహ్రా మల్లెలు ఎండుగడ్డిలా ఉన్నాయి. అమ్మాయి ముఖం... పీలియా వచ్చిన మనిషి ముఖంలా ఉంది. టైం లేదు, జుమాగీ దావత్‌కి ఆల్బం చేరాలని వాళ్ళ తొందర. నేను "పేపర్ అలా ఉంటుంది చాచా, ట్యూబ్‌లైట్ కింద బాగుంటుంది" అని ఒక అబద్ధం చెప్పి ఇచ్చేశాను. ఆ అబద్ధం ఇప్పటికీ నా గొంతులో ఉంది.

వారం తర్వాత రాత్రి ఇషా అయ్యాక చాచా వచ్చాడు. ఝగడా పెట్టుకోలేదు. పెట్టుకుంటే బాగుండేది. కూర్చుని చాయ్ తాగి, మెల్లగా అన్నాడు: "బేటా, అత్తగారింట్లో ఆల్బం తిప్పుతూ ఆడబిడ్డ ఒక మాట అనిందంట. రిష్తా అప్పుడు పంపిన ఫోటో వేరే, ఇందులోనే అసలు రంగు పడింది అని. పిల్ల ఫోన్ చేసి ఏడ్చింది."

నేను అమ్మాయికి ఇన్సాఫ్ చేద్దామనుకుని రంగు మార్చకుండా ఉంచినవాణ్ణి. నా మానిటర్ ఆమె మీద ఝూటీ గవాహీ ఇచ్చి వచ్చింది.

మర్నాడు ల్యాబ్‌కి ఫోన్ చేసి గట్టిగా అరిచాను. వాళ్ళు శాంతంగా "భాయ్, మీ ఫైల్లో ఉన్నదే వేశాం" అన్నారు. అదే ఫైల్‌ని ఇంకో ఊళ్ళో ఇంకో ల్యాబ్‌లో చిన్న సైజులో వేయించాను. అదే పసుపు. నా ఫోన్లో తెరిచాను. అదే పసుపు. నా తెర మీద మాత్రమే అమ్మాయి బంగారుబొమ్మలా ఉంది. గుస్సా అంతా దిగిపోయింది, సిగ్గు మిగిలింది.

ఇక్కడ కొంచెం ఇల్మ్ మాట చెప్పుకోవాలి, ఓపిక పట్టండి.

లోహార్ దుకాణంలో ఇనుము కాలడం చూశారు కదా. ముందు ఎర్రగా, తర్వాత నారింజగా, ఇంకా కాలితే పసుపు తెలుపుగా అవుతుంది. ఇంకా ఇంకా వేడెక్కగలిగితే నీలం తెలుపుకి పోతుంది. ఏ వేడి దగ్గర ఏ రంగు వెలుగు వస్తుందో లెక్క ఉంది. ఆ వేడిని కెల్విన్‌లలో చెప్తారు. గ్లాస్గోలో ప్రొఫెసర్‌గా పనిచేసిన విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయిన ఆయన పేరు మీద ఆ కొలత. మైనపు వత్తి సుమారు 1900 కెల్విన్‌లు. పాత ఫిలమెంట్ బల్బు 2700, 2800. హాలోజెన్ వీడియో లైటు 3200. మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర. మబ్బుపట్టిన ఆకాశం 6500 దాటుతుంది. నీలాకాశం కింద నీడలో అయితే ఎనిమిది వేలు, పది వేలు. అంటే మన నోట్లో మాటకి ఇది ఉల్టా. మనం వెచ్చగా ఉందనే రంగుకి కెల్విన్‌లు తక్కువ, చల్లగా ఉందనేదానికి ఎక్కువ. ఈ ఉల్టా దగ్గరే కొత్తవాళ్ళందరూ తడబడతారు, నేనూ తడబడ్డాను.

మానిటర్‌లో సఫేద్ అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ నిండుగా వెలిగించినప్పుడు వచ్చే వెలుగు. ఆ మూడింటి పాళ్ళు ఎలా పెడితే అదే ఆ తెరకి తెలుపు. దాన్నే వైట్ పాయింట్ అంటారు. పాతకాలం డబ్బా మానిటర్లు చాలావరకు ఫ్యాక్టరీ నుంచే 9300 కెల్విన్‌ల మీద వచ్చేవి. జపాన్‌లో టీవీలకి అదే రివాజ్. దుకాణంలో పది తెరలు పక్కపక్కన పెడితే నీలం ఎక్కువున్నదే శుభ్రంగా, మెరుపుగా కనిపిస్తుంది, అదే అమ్ముడుపోతుంది. అమ్మీ బకెట్ సంగతే.

కలరీమీటర్ అని ఒక చిన్న యంత్రం ఉంటుంది, తెరకి ఆనించి వేలాడదీస్తే రంగు కొలుస్తుంది. హైదరాబాద్‌లో ఒక దోస్త్ దగ్గర ఉంటే పదిరోజులకి అడిగి తెచ్చాను. మానిటర్ అరగంట వెలిగించి వేడెక్కనివ్వాలన్నాడు, వెలిగించాను. బిస్మిల్లాహ్ అని కూల్ మీదే ముందు కొలిచాను. 9000 దాటింది. మెనూలో ఇంకో చోట "6500" అని రాసి ఉన్న దాన్ని పెట్టి కొలిస్తే 7300 చూపించింది. మెనూలో రాసింది నమ్మేది లేదని అప్పుడు తెలిసింది.

తర్వాత సాఫ్ట్‌వేర్ ఒక సవాల్ అడిగింది. వైట్ పాయింట్ ఏది? నేటివ్, డీ50, డీ65, లేదా నంబర్ మీరే ఇవ్వండి. ఇంత చదివాక కూడా ఆ ఒక్క సవాల్ దగ్గర నా వేలు ఆగిపోయింది. ఎందుకంటే యంత్రం కొలుస్తుంది అంతే. ఏ తెలుపు కావాలో ఫైసలా అది చెయ్యదు.

ప్రింటింగ్ లోకంలో డీ50. ప్రింట్ చూసే డబ్బాల్లో లైటు అదే ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, రంగు ప్రొఫైళ్ళ లెక్కంతా లోపల డీ50 మీదే నడుస్తుంది. అది సుమారు 5000 కెల్విన్‌లు. తెరల లోకంలో డీ65. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్ఆర్‌జీబీ అని ఒక రంగుల పద్ధతి ప్రతిపాదించాయి, 1999లో అది ప్రమాణమైంది. దాని తెలుపు డీ65. మన ఫోన్లు, టీవీలు, వెబ్ అంతా ఇంచుమించు దాని చుట్టే తిరుగుతాయి. డీ అంటే డేలైట్. 1960లలో నిజమైన పగటి వెలుగుని కొలిచి కట్టిన లెక్కలవి. ఒక తమాషా ఏంటంటే డీ65 సరిగ్గా 6500 కాదు, 6504. దాన్ని నిర్ణయించాక వేడి లెక్కల్లో వాడే ఒక స్థిరాంకాన్ని శాస్త్రవేత్తలు సవరించుకున్నారు, దాంతో నాలుగు కెల్విన్‌లు జరిగింది. మన ఖాందాన్‌లో కూడా పుట్టినరోజు సర్టిఫికెట్లో ఒకటి, అమ్మీ నోట్లో ఒకటి ఉంటుంది కదా, అలాంటిదే.

నాది ప్రింట్ పని కదా, డీ50 పెట్టేద్దామనుకున్నాను. పెట్టాను. తెర చాయ్ ఒలికిన దస్తర్‌ఖాన్‌లా అయింది. కన్ను అలవాటు పడుతుంది, రెండు నిమిషాలు ఆగమని పుస్తకాల్లో ఉంది. ఆగాను. నిజమే, కన్ను చాలా మటుకు సర్దుకుంటుంది. కానీ మా గదిలో గోడమీద ఎల్ఈడీ ట్యూబ్‌లైటు ఉంది. డబ్బా మీద కూల్ డేలైట్, 6500 కెల్విన్ అని రాసి ఉంటుంది, మీ ఇంట్లో ఉన్నదీ బహుశా అదే. గదంతా 6500, తెర ఒక్కటి 5000. కన్ను ఎటు సర్దుకోవాలో తెలియక అటూ ఇటూ ఊగింది. తెర మీంచి తల తిప్పి గోడ చూసినప్పుడల్లా తెర ఇంకా పచ్చబడేది.

ఇంకో నష్టం కూడా కనిపించింది. ఎల్‌సీడీ వెనక దీపం రంగు మారదు. తెలుపుని కిందికి దించాలంటే నీలాన్ని తగ్గించాలి, ఆకుపచ్చని కొంత తగ్గించాలి. ఒక్కో రంగుకి ఉన్నవి 256 మెట్లు. అందులోంచి గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఎక్కువ కోసేస్తే మిగిలిన మెట్లు విడివిడిగా కనిపిస్తాయి. ఓఢ్నీ మడతల్లో నీడ సాఫీగా జారాల్సింది చారలు చారలుగా విరిగింది. కోత పెట్టాల్సి వస్తే మానిటర్ సొంత మెనూలో యూజర్ కింద ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గెయిన్‌లతో ముందు దగ్గరికి తెచ్చుకోవాలి. మిగిలిన కాస్త పని మాత్రమే సాఫ్ట్‌వేర్‌కి వదలాలి. ఇది ఎవరూ నాకు చెప్పలేదు, మీకు చెప్తున్నాను.

డీ50 తప్పని కాదు. 5000 కెల్విన్ లైట్లున్న గదిలో, కిటికీకి పర్దా వేసుకుని, మంచి మానిటర్‌తో పనిచేసేవాడికి అదే సరైనది. నా దగ్గర ఆ గది లేదు. నా ఆల్బం చూసే అత్తగారి దగ్గర అసలే లేదు. ఆమె ముందుగదిలో ట్యూబ్‌లైట్ కింద తివాచీ మీద కూర్చుని చూస్తుంది. చూసేముందు ఫోన్లో అవే ఫోటోలు చూసి ఉంటుంది. మరి నేను ఎవరి తెలుపుని నా తెలుపు చేసుకోవాలి?

డీ65 పెట్టాను. కెల్విన్ నంబర్ ఒక్కటి చూసుకోలేదు. ఎందుకంటే కెల్విన్ సడక్ పేరు లాంటిది. 6500 అనే సడక్‌కి కుడిపక్క ఇల్లుంటే తెలుపు గులాబీ వైపు పోతుంది, ఎడమపక్క ఉంటే ఆకుపచ్చ వైపు. రెండూ 6500 అనే చూపిస్తాయి. ఇంటి నంబర్ కావాలి. డీ65 ఇంటి నంబర్ ఎక్స్ 0.3127, వై 0.3290. ఆ రెండూ కుదిరేదాకా గెయిన్‌లు తిప్పాను. వెలుగు కూడా తగ్గించాను, చదరపు మీటరుకి 110 క్యాండెలాల దగ్గర ఆపాను. కొత్తది వచ్చినప్పుడు అది దీపావళిలా వెలిగేది. అంత వెలుగులో చేసిన ఫోటో కాగితం మీద ఎప్పుడూ చీకటిగానే వస్తుంది. గామా 2.2. ల్యాబ్ వాడే పేపర్ మీదే ఒక ఖాళీ తెల్ల షీటు, ఒక టెస్ట్ ప్రింటు తెప్పించి మానిటర్ పక్కన గోడకి అంటించాను. తెరనీ కాగితాన్నీ పక్కపక్కన చూస్తే కాగితం ఇంకా ఒక వెంట్రుకవాసి నీలంగా అనిపించింది. కాగితంలోనూ నీల్ లాంటి మందు కలుపుతారు, కంటికి కనిపించని వెలుగుని తిని నీలాన్ని కక్కే మందు. దాని వెంట పడలేదు. ఎక్కడో ఒకచోట ఆగాలి.

ఫోటోలు వాట్సాప్‌లో పంపి "ఎలా ఉన్నాయి" అని అడిగితే రాత్రి పదకొండుకి "పచ్చగా ఉన్నాయి అన్నా" అని జవాబిచ్చే కస్టమర్ల సంగతి వేరే. వాళ్ళ ఫోన్లో కళ్ళకి మంచిదని నైట్ మోడ్ పెట్టి ఉంటుంది. ఇప్పుడు నేను ముందు అదే అడుగుతాను.

అసలు కష్టం ఇంటిదే. డీ65 తెర చూసి అబ్బా "దీనికి చాయ్ పోశావా?" అన్నాడు. నేను యంత్రం చూపించాను, నంబర్లు చూపించాను. ఆయన వినలేదు. మర్నాడు నేను వచ్చేసరికి మానిటర్ కూల్ మీద ఉంది. సరిచేశాను. రెండురోజుల తర్వాత మళ్ళీ కూల్. మూడోసారి నేను కరెక్షన్ సగం చేసేదాకా గమనించలేదు, నాలుగు గంటల పని పోయింది. నోరు జారాను. "మీ కళ్ళు పాతబడిపోయాయి అబ్బా, మెషీన్ అబద్ధం చెప్పదు."

అబ్బా ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి కుర్తా అంచుతో తుడుచుకుని పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులు దుకాణానికి రాలేదు. అమ్మీ నాతో మాట్లాడింది కానీ అన్నం పెట్టేటప్పుడు గిన్నె కాస్త గట్టిగా పెట్టేది. మాఫీ అడగాలని రోజూ అనుకుని, మెషీన్ నావైపు ఉంది కదా అని రోజూ వాయిదా వేశాను.

ఆ తర్వాత నెలలో అమ్మీయే గమనించింది. అబ్బా నల్ల షేర్వానీ అనుకుని ముదురు నీలందాన్ని తీస్తున్నాడు. పేపర్ చదవడానికి ఆంగన్‌లోకి వెళ్తున్నాడు. కంటి డాక్టర్ చూసి రెండు కళ్ళలోనూ ఉందన్నాడు. మనం మోతియాబింద్ అంటాం, తెలుగులో శుక్లాలు అంటారు. ఒకదాంట్లో ముత్యం ఉంది, ఇంకోదాంట్లో శుక్లం, అంటే తెలుపు. రెండు జబానుల్లోనూ ఆ జబ్బుకి తెల్లటి పేరే పెట్టారు. నిజానికి అది లోపల్నుంచి చూసేవాడికి తెలుపు కాదు. వయసుతోపాటు కంటిలోని కటకం పసుపెక్కుతుంది, నీలాన్ని ఆపేస్తుంది. కానీ మెల్లగా, ఏళ్ళతరబడి జరుగుతుంది కాబట్టి మనిషికి తెలీదు, మెదడు దాన్నే తెలుపని రాసుకుంటుంది. ఫ్రాన్స్‌లో మోనే అనే పెద్ద చిత్రకారుడికి ఇదే వచ్చింది. 1923లో ఒక కన్ను ఆపరేషన్ అయ్యాక రంగులన్నీ మారిపోయాయని ఆయన చాలా బాధపడ్డాడట. మా అబ్బాకి ఆ పేరు తెలీదు.

ముందు ఎడమ కన్ను చేశారు. కట్టు విప్పిన రోజు ఆస్పత్రి గోడ చూసి "సున్నం కొత్తగా వేశారా?" అని అడిగాడు. వారం తర్వాత నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. అగరుబత్తి వెలిగించాడు. నా వెనక కాకుండా నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. తెరమీద ఖాళీ తెల్ల పేజీ తెరవమన్నాడు. కళ్ళద్దాలు తీసి కుడి కన్ను చేత్తో మూశాడు. తర్వాత ఎడమ కన్ను మూశాడు. మళ్ళీ కుడి. చాలాసేపు అలాగే చేశాడు. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

"ఒక కంటికి దూధ్, ఒక కంటికి చాయ్" అన్నాడు చివరికి. తర్వాత, "కూల్ పెట్టు."

పెట్టాను. ఆపరేషన్ అయిన కంటితో చూసి వెంటనే ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "యా అల్లాహ్. ఇంత నీలమా?"

నేనప్పుడు మాఫీ అడిగాను. ఆయన నా మాట విన్నట్టు లేదు. "ఆ చాచా పిల్ల ఆల్బం తియ్యి" అన్నాడు.

అన్ని తప్పులూ ఆ కన్నువే అని నేను అనను. కూల్ నాకూ నచ్చింది కదా, నా కళ్ళు బాగానే ఉన్నాయి కదా. నీలం ఎక్కువున్న తెలుపుని అందరి కళ్ళూ ఇష్టపడతాయి. కాకపోతే పక్కన గట్టిగా వద్దనే మనిషి లేకుండా పోయాడు. ఇన్నేళ్ళు ఆ పని అబ్బా చేసేవాడు.

ఆ ఆల్బం మొత్తం మళ్ళీ చేశాను, మొదటి ఫోటో నుంచి. ఈసారి ఒక ఆధారం కావాలనిపించింది. తెర సరే, నంబర్ సరే, అసలు వస్తువు ఏ రంగు? చాచాకి ఫోన్ చేసి దుల్హా షేర్వానీ ఉందా అని అడిగించాను. నంద్యాలలో పెట్టెలో ఉందన్నారు. ల్యాబ్ నుంచి కొత్త ఆల్బం రాగానే నేను, అబ్బా బస్సెక్కాం. ఖర్చు ఎవరిదన్నది మా ఇంటి సంగతి.

అత్తగారు మర్యాదగానే కూర్చోబెట్టింది. షేర్వానీ తెప్పించింది. ఖర్బూజా గింజల వాసన, కర్పూరం వాసన కలిసి వచ్చాయి. అబ్బా దాన్ని తీసుకుని ట్యూబ్‌లైట్ కింద కాకుండా దర్వాజా దగ్గరికి వెళ్ళి, పగటి వెలుగులో పరిచాడు. పక్కన ఆల్బం తెరిచాడు. షేర్వానీ నేననుకున్నట్టు తెలుపు కాదు. మోతియా రంగు. లేత మీగడ రంగు. కొత్త ప్రింట్‌లో కూడా మీగడ రంగే పడింది. పాత ఆల్బం పక్కన పెడితే హల్దీ.

"గలతీ మాది బహెన్" అన్నాడు అబ్బా ఆమెతో. "మా దుకాణం మెషీన్ ఖరాబ్ అయింది. నా కళ్ళు కూడా."

ఆమె రెండు ఆల్బంలూ తిప్పింది. ఒక పేజీ దగ్గర ఆగింది. సెహ్రా తొలగించి అమ్మాయి మొదటిసారి తలెత్తిన ఫోటో. తలుపు దగ్గర నిలబడ్డ కోడలి వైపు ఒకసారి చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. ఏమీ అనలేదు. పాత ఆల్బంని ఇచ్చేస్తూ "ఇది మీరు తీసుకెళ్ళిపోండి" అంది. ఆడబిడ్డ ఆ రోజు ఇంట్లో లేదు. అమ్మాయి మాకు చాయ్ ఇచ్చి, లోపలికి వెళ్ళేముందు ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసుకుంది, వాళ్ళ అమ్మీకి పంపడానికి. ఆ ఫోన్లో నైట్ మోడ్ లేదని నేను చూసుకున్నాను.

పాత ఆల్బం ఇప్పుడు మా దుకాణంలో పైన అరలో ఉంది. అబ్బా కుడి కన్ను ఆపరేషన్ వచ్చే నెల. అప్పటిదాకా రోజూ నా పక్కన కూర్చుని, కుడి కన్ను చేత్తో మూసుకుని, ముఖాల రంగు చెప్తున్నాడు.